కందిగింజంత కాలేయం

పదిహేనో రోజు పొద్దున దమయంతికి జబ్బు నయమైపోయింది. సాయంత్రానికి అదే దమయంతికి జబ్బు ముదిరిందని తేలింది. రెండు ఫలితాలూ నా చేతుల మీదుగానే వచ్చాయి, రెండూ నిజమే. ఇరవై రెండేళ్లుగా ల్యాబు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను, నా చేతిలో పరీక్ష తప్పదని నాకు కాస్త పొగరు కూడా. అందుకే ఒళ్లు మండి మూడోసారి కూడా చేసి చూశాను. అంకెలు మారలేదు.

పొద్దున నయమైంది అసలు దమయంతికి కాదు. విశాఖపట్నంలో మా ల్యాబులో, వేడిపెట్టె లోపల గాజుపలక మీద బతుకుతున్న ఆమె కాలేయానికి. మనిషి కాలేయంలోంచి సూదితో రవ్వంత కండ తీసి, పెంచి, కందిగింజంత ముద్దలు చేస్తాం. ఆ మనిషి రక్తంలో ఉన్న వైరస్‌నే వాటికీ ఎక్కిస్తాం. మనిషికి మందు మొదలుపెట్టిన రోజే వాటికీ మొదలుపెడతాం. చిన్నవి కనుక వాటిలో ఫలితం వారం ముందే తెలుస్తుంది. మా పరిశోధన నడిపే డాక్టర్ వేదవతి పన్నెండేళ్లు పడిన కష్టం అది. కాగితాల మీద దాని పేరు 'జంట కాలేయం'. నేను మాత్రం చిట్టి అంటాను. ఒక్కో మనిషికి ఆరేసి చిట్టిలు. ఒకదానికి మందు పెడతాం, మిగతా ఐదూ అక్కరకు ఉంచుతాం.

హెపటైటిస్ సి చప్పుడు చేయని జబ్బు. రక్తం ద్వారా వచ్చి కాలేయంలో కాపురం పెడుతుంది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఏమీ అనదు. ఒకరోజు పొట్టలోకి నీరు దిగుతుంది. వైరస్‌నే నేరుగా దెబ్బకొట్టే మాత్రలు ఎప్పటినుంచో ఉన్నాయి, పన్నెండు వారాలు మింగితే చాలామందికి పూర్తిగా పోతుంది. దమయంతికి ఆ మాత్రలు రెండుసార్లు వాడినా పోలేదు. అలాంటి మొండి వైరస్ కోసమే మా ఇరవై ఒక్క రోజుల కొత్త మాత్ర. మొదటి జట్టులో ఆరుగురు. ఐదుగురిలో వైరస్ తగ్గుతూ వస్తోంది. దమయంతిలో మొదటి వారం కొంచెం తగ్గి, ఇప్పుడు మొదలుకంటే పైకి పోయింది.

డాక్టర్ వేదవతి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. చిట్టి అబద్ధం ఆడదని ఆవిడ నమ్మకం. చిట్టికి నయమై మనిషికి కాలేదంటే ఒకటే అర్థం, ఆ మనిషి మాత్రలు మింగడం లేదు. నియమం తప్పినవాళ్లను పరిశోధనలోంచి తీసేయాలి, అది కూడా నియమమే.

"వెళ్లి మాత్రలు లెక్కపెట్టి రా సుగుణా," అంది. "మిగిలినవి ఎక్కువుంటే మాత్రలు మానేసినట్టు అక్కడే సంతకం తీసుకో."

మర్నాడు పలాస వెళ్లే రైలెక్కాను. దారి పొడుగునా దమయంతిని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఒక్కో మాత్ర తయారవడానికి ఎంతమంది ఎన్నేళ్లు కళ్లు పోగొట్టుకున్నారో తెలియని మనుషులు, ఇంత చేస్తే మాత్రను ఏ గోడ పగుల్లోనో కుక్కి ఉంటుంది అనుకున్నాను. స్టేషన్లో దిగేసరికి ఊరంతా జీడిపిక్కలు కాల్చిన వాసన. ఆ ఊళ్లో సగం మంది ఆడవాళ్లు జీడి బట్టీల్లో పనిచేసేవాళ్లే. దమయంతీ అంతే, పదమూడేళ్లుగా పిక్కలు కొడుతోంది. ముప్పై రెండేళ్ల మనిషికి ఆ జీడిరసం వల్ల అరచేతులు నల్లగా కమిలిపోయి, డెబ్బై ఏళ్ల చేతుల్లా ఉన్నాయి.

ఇంట్లో ముగ్గురే. దమయంతి, బట్టీలో బాయిలర్ దగ్గర పనిచేసే భర్త కూర్మారావు, అతని తల్లి ఆదెమ్మ. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. దమయంతి నన్ను చూసి లేవబోయింది, పొట్ట అడ్డం వచ్చి మళ్లీ కూర్చుంది. నెల కిందట నేను చూసినప్పుడు ఆ పొట్ట లేదు. నా కోపం కొంత అక్కడే చల్లారింది.

మాత్రల డబ్బా అడిగాను. ఆదెమ్మ దేవుడి పటాల పక్కనుంచి తీసి రెండు చేతులతో ఇచ్చింది. పదహారో రోజు మాత్ర మింగడం కూడా అయిపోయింది, మిగిలినవి ఐదు ఉండాలి. ఐదే ఉన్నాయి. వేళ తప్పకుండా వేసుకుంటోందా అని అడిగితే, కూర్మారావు గోడమీద క్యాలెండరు చూపించాడు. ప్రతి తేదీ మీదా బొగ్గుతో గీత. పైకి ఎగదన్నకుండా మాత్ర మింగాక గంటసేపు పక్కనే కూర్చుని మాటల్లో పెడతానని ఆదెమ్మ చెప్పింది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇరవై రెండేళ్లలో నేను అబద్ధం చెప్పే రోగుల్ని వందల్లో చూశాను.

అప్పుడు కంచాలు చూశాను. కూర్మారావు కంచంలో చేపల పులుసు ఉంది. దమయంతి కంచంలో మెత్తగా ఉడికిన అన్నం, నీళ్లలో ఉడకబెట్టిన బీరకాయ ముక్కలు, వెన్న తీసేసిన పల్చటి మజ్జిగ. ఉప్పు లేదు, పోపు లేదు, నూనె చుక్క లేదు. ఆదెమ్మ కంచంలోనూ అదే ఉంది. మీకూ ఒంట్లో బాగాలేదా అని ఆమెను అడిగాను.

"నాకేటయినాది తల్లీ, రాయినాగున్నాను," అంది ఆదెమ్మ. "కార్జెం జబ్బు కదా, పత్తెం ఉండాల. నూనె, నెయ్యి, సేప ఏటీ ముట్టనివ్వను. గుంట ఒక్కర్తీ సప్పిడి కూడు తింటంటే నాకు పులుసు గొంతు దిగుద్దేటి?"

కోడలిని ఆమె గుంట అనే పిలుస్తుంది, ఆ మాటకి దమయంతి తల వంచుకుని నవ్వింది. రోజంతా జీడిపప్పు చేతుల్లోంచి పోతుంటే ఒక్క బద్ద కూడా నోట్లో వేసుకోలేదని, అత్తకి ఇచ్చిన మాట తప్పలేదని చెప్పింది. బట్టీ మేస్త్రి కూడా ఆశ్చర్యపోయాడట.

ఆ కంచాల వైపు మళ్లీ చూశాను. మా మాత్ర కొవ్వులోనే కరుగుతుంది. నూనో, నెయ్యో, మాంసమో, ఏదో ఒక కొవ్వు ఉన్న తిండితో పాటు కడుపులోకి పోతేనే రక్తంలో కలుస్తుంది, లేకపోతే దారినపోయేదానిలా వచ్చి వెళ్లిపోతుంది. ల్యాబులో చిట్టికి మేం పోసే ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది, దాన్నిండా కొవ్వే. అందుకే చిట్టికి నయమైంది. మిగతా ఐదుగురూ ఇంట్లో మామూలు నూనె కూరలే తింటున్నట్టున్నారు, వాళ్లకూ పట్టింది. ఇక్కడ దమయంతికి రోజూ రవ్వంత మందు మాత్రమే ఒంటికి పట్టింది. రవ్వంత మందు వైరస్‌ను చంపదు, మందును ఎలా తట్టుకోవాలో దానికి చదువు చెబుతుంది. పదహారు రోజుల్లో బాగానే చదువుకుంది.

ఆ సంగతి రోగులకు ఎందుకు చెప్పలేదంటారా? చెప్పాల్సిన కాగితం రాసింది నేనే. ఇంగ్లీషు కాగితంలో 'కొవ్వు పదార్థాలున్న భోజనంతో' అని స్పష్టంగా ఉంది. దాన్ని తెలుగులో పెట్టే పని నాకు అప్పగించారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు కామెర్లొచ్చాయి. నలభై రోజులు మా నాయనమ్మ నాకు చప్పిడి కూడే పెట్టింది. నెయ్యి కావాలని ఏడిస్తే చచ్చిపోతావే అని తనూ ఏడ్చింది. ఎమ్మెస్సీ చదివాను, కాలేయం లోపలి కణాలను పేరుపెట్టి పిలవగలను. అయినా కాలేయం జబ్బు మనిషికి 'నెయ్యి వేసుకుని తినండి' అని రాయడానికి నా చెయ్యి రాలేదు. ఇదేదో వాళ్ల దేశపు తిండి గురించి రాసుకున్నదిలే అనుకున్నాను. 'కడుపునిండా అన్నం తిన్నాక వేసుకోవాలి' అని రాసి పంపాను. ఎవరినీ అడగలేదు. నేను రాశానంటే సరిగ్గానే ఉంటుందని ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టారు.

ఆ ఇంట్లో ఆ మాట చెప్పలేకపోయాను. మిగిలిన మాత్రలు ఆపేయమన్నాను, పరీక్షకని రక్తం తీసుకున్నాను. ఏమైందని కూర్మారావు అడిగాడు. పెద్ద డాక్టరుగారితో మాట్లాడి చెబుతానని పారిపోయి వచ్చాను. పారిపోవడమే అది, వేరే మాట లేదు.

ల్యాబుకు రాగానే ఆ రక్తంలో మందు ఎంతుందో చూశాను. ఉండాల్సినదానిలో పదో వంతు కూడా లేదు. ఐదు చిట్టిలు మిగిలాయి కదా, వాటన్నిటికీ ఈ చదువుకున్న వైరస్‌ను ఎక్కించి, మొదటిదానికి మా మందే పూర్తి మోతాదులో ఇచ్చాను. నాలుగు రోజులైనా వైరస్ కదల్లేదు. మా మాత్ర ఇక దమయంతికి ఎప్పటికీ పనిచేయదు. మా మాత్ర తయారుచేసే కంపెనీ దగ్గరే ఇంకా బయటికి రాని మందులు మూడున్నాయి. రెండో చిట్టికి ఒకటి ఇచ్చాను, లాభం లేకపోయింది. మూడో చిట్టికి రెండోది ఇస్తే వైరస్‌తో పాటు చిట్టి కూడా చచ్చిపోయింది. గాజుపలక మీద నల్లగా మాడిన ఆ గింజను చూస్తే నాకు దమయంతే కనిపించి, గ్లవ్స్ తీసేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాలుగో చిట్టికి మూడో మందు ఇచ్చాను. ఐదో రోజుకి వైరస్ లేదు, చిట్టి బతికే ఉంది. నమ్మకం చాలక ఐదో చిట్టి మీద కూడా చేశాను. అదే ఫలితం.

ఈలోగా పలాసలో దమయంతికి రెండుసార్లు పొట్టలోంచి నీరు తీశారు. ఆమె దగ్గర ఉన్నది రెండు నెలలో, మూడో.

రెండు చేతుల్లో కాగితాలు పట్టుకుని డాక్టర్ వేదవతి గదికి వెళ్లాను. అంతా చెప్పాను, నా కాగితం సంగతితో సహా. ఆవిడ అరవలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత నింపాదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. తప్పు రోగిదైతే రోగిని తీసేస్తారు, పరిశోధన సాగుతుంది. తప్పు మనదైతే రోగికి ఆ మూడో మందు కంపెనీయే ఇస్తుంది, కానీ పరిశోధన ఆపేస్తారు. మళ్లీ అనుమతులు రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఈ మాత్ర కోసం మన వరుసలో నూట నలభై మంది ఉన్నారు. పాత మాత్రలు పనిచేయనివాళ్లు, పొట్టలో నీరు దిగినవాళ్లు. వాళ్లలో ఏడాది ఆగలేనివాళ్లు ఎంతమందో నీకు తెలుసు కదా అంది. తెలుసు. వాళ్ల రక్తాలు పరీక్ష చేసింది నేనే.

"కాగితం రేపటినుంచి మార్చేద్దాం," అంది. "ఇంట్లో పథ్యం పెట్టాం, మీరు చెప్పినట్టు చేయలేదు అని వాళ్ల చేత ఒక ముక్క రాయించుకురా. అది అబద్ధం కూడా కాదు. పథ్యం పెట్టింది వాళ్లే."

ఆవిడ దుర్మార్గురాలు కాదు. తన కోసం అడగడం లేదని నాకు తెలుసు. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి కూడా ఇదంతా రాయడం లేదు. ఆ కాగితం టైపు చేసింది నేనే. బ్యాగులో స్టాంపు ప్యాడు పెట్టుకుంది నేనే. ఒక మనిషా, నూట నలభై మందా అని రైల్లో నాకు నేను పాఠం చెప్పుకున్నాను. ఆ పాఠం వెనకాల నా ఉద్యోగం, నా పేరు, నా పొగరు కూడా నక్కి కూర్చున్నాయి. వాటిని చూడనట్టు నటించాను.

ఈసారి దమయంతి మంచం మీదే ఉంది. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, మగతగా ఉంది. కూర్మారావు పని మానేసి పక్కన కూర్చున్నాడు. ఆదెమ్మ నన్ను వంటింటి గడప దగ్గర పీట వేసి కూర్చోబెట్టింది. మందు ఎందుకు పనిచేయలేదో తెలిసిందని మొదలుపెట్టాను. ఆ మాత్ర నూనె, నెయ్యి ఉన్న తిండితో పోతేనే ఒంటికి పడుతుందని, చప్పిడి కూడు వల్ల పట్టలేదని చెప్పాను. నా కాగితం మాట చెప్పలేదు.

ఆదెమ్మ చేతిలో ఉన్న గరిటె కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే నానే సంపుకున్నానేటి తల్లీ?" అంది.

కూర్మారావు తల్లివైపు చూశాడు. ఆ చూపులో ఇంకా కోపం రాలేదు కానీ రాబోతోందని తెలుస్తోంది. నెల దాటి కోడలితో పాటు చప్పిడి కూడు తిన్న ముసల్ది ఆ చూపు కింద ముడుచుకుపోయింది. నేను బ్యాగులోంచి కాగితం తీశాను. ఇందులో మీరు పథ్యం పెట్టినట్టు రాసి ఉంది, వేలిముద్ర వేయాలి అన్నాను. ఆదెమ్మ ఏముందని అడగలేదు. ఎడమచేతి బొటనవేలు చెంగుకు తుడిచి ముందుకు చాపింది.

"నానే సేసినానని రాయి తల్లీ. ఆడి పేరొద్దు, గుంట పేరొద్దు," అంది. వేలు ప్యాడు మీద ఆనించబోతూ ఆగింది. "ఇది ఏత్తే గుంటకి మందిత్తారా?"

ఇస్తారనో, చూద్దామనో అనొచ్చు. ఆస్పత్రుల్లో 'చూద్దాం' అనే మాటతో ఎంతమందిని ఇంటికి పంపామో లెక్కలేదు. కానీ ఆమె బొటనవేలు నా ముందు గాలిలో ఆగి ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"ఇవ్వరమ్మా," అన్నాను. "ఇది వేస్తే ఇవ్వరు."

"మరెందుకు తెచ్చినావు?"

తిట్టినట్టు అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా వాళ్ల గడప దగ్గరే ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. నెయ్యి వేసుకోమని అసలు కాగితంలో ఉందని, దాన్ని ఎగరగొట్టింది నేనని, మా నాయనమ్మ నాకు పెట్టిన పథ్యమే మీకు నేను రాసిచ్చానని. ఆ మాట వినగానే కూర్మారావు లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా తప్పులేదనిపించింది. అతను వంగి నా ఒళ్లోంచి ఆ కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, నాకే ఇచ్చాడు.

"అదంతా దీని మీద రాయండి మేడం," అన్నాడు. "సదివి మా అమ్మకి ఇనిపించండి."

రాశాను. తేదీలు, మాటలు, ఎగరగొట్టిన ముక్క, సంతకాలు ఎలా జరిగాయో, అన్నీ. ఆ ఇంట్లోనే గట్టిగా చదివాను. దమయంతి కళ్లు మూసుకునే విన్నది. ఆదెమ్మకు సగం అర్థం కాలేదు. కానీ 'ఆదెమ్మగారి తప్పు లేదు' అన్న వాక్యం దగ్గర ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. కింద నా సంతకం పెట్టి, అక్కడినుంచే ఫోటో తీసి, కంపెనీ వాళ్లకీ పరిశోధనలను పర్యవేక్షించే కమిటీకీ పంపించాను. తర్వాత డాక్టర్ వేదవతికి ఫోన్ చేసి పంపేశానని చెప్పాను. ఆవిడ సరే అని పెట్టేసింది.

తొమ్మిదో రోజున మూడో మందు పలాస చేరింది. అదే వారం పరిశోధన ఆగిపోయింది, నన్ను సస్పెండ్ చేశారు. విచారణలో ఎందుకలా రాశావని ఒక పెద్దాయన ఎన్నో విధాలుగా అడిగాడు. కాలేయం జబ్బుకు నెయ్యి పెట్టమని రాయడానికి చెయ్యి రాలేదని చెబితే ఆయనకు నవ్వొచ్చింది. కాసేపటికి, తన చిన్నప్పుడు తనకూ పథ్యం పెట్టారని ఒప్పుకున్నాడు. ఉద్యోగం మాత్రం పోయింది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక చిన్న ల్యాబులో షుగరు పరీక్షలు చేస్తున్నాను.

ఏడాది దాటాక ఒక ఆదివారం డాక్టర్ వేదవతి ఫోన్ చేసింది. అంతకాలం ఆవిడ నాతో మాట్లాడలేదు. దమయంతి రక్తంలో వైరస్ లేదని, చివరి పరీక్షలోనూ రాలేదని, పొట్టలో నీరు తగ్గిందని చెప్పింది. మళ్లీ బట్టీకి వెళ్తోందట. మన పరిశోధనకు అనుమతి వచ్చింది, వచ్చే నెల మొదలవుతుంది అంది. కొత్త కాగితం తనే తెలుగులో రాసి, పలాస వెళ్లి ఆదెమ్మకు చదివి వినిపించి, ఆమెకు అర్థమయ్యేదాకా మార్చిందట. నాకు సంతోషమేసింది.

తర్వాత ఆవిడ గొంతు మారింది. వరుసలో ఉన్న నూట నలభై మందిలో, ఆగిపోయిన ఈ కాలంలో నలుగురు పోయారంది. ఎత్తిపొడుపు ఏమీ లేదు. నాకు తెలియాలని చెబుతున్నానంది.

ఆరోజు పలాసలో ఇంకోలా చేసి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపించదు. అలాగని ఆ నలుగురితో నాకు సంబంధం లేదని కూడా అనలేను.

"పేర్లు చెప్పండి మేడం," అన్నాను.

ఆవిడ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. పేరు, ఊరు, వయసు, ఒక్కొక్కటే చదివింది. నేను పెన్ను తీసుకుని ఒక్కొక్కటే రాసుకున్నాను. నాలుగో పేరు అయిపోయాక కూడా ఆవిడ ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.